చెలియలికట్ట

వేసవిలో ఒకనాటి వేకువజామున వాడరేవు ఇసుకమీద నిలుచుని ఉన్నాను. సూర్యుడు ఇంకా పొడచూపలేదు. అయినా వెలుగు మాత్రం వచ్చినది. ఎటునుంచి వచ్చినదో వేలు పెట్టి చూపడానికి లేదు. చీకటి పలచబడినదని మాత్రమే చెప్పవచ్చు. కొంతసేపటికి, అంతవరకు ఒకే నలుపుగా కలిసి ఉన్న నీరూ నింగీ వేరువేరుగా తెలియవచ్చినవి. మరికొంత సేపటికి తడి ఇసుక గీత ఒకటి తేలి, నీరు ఇంతవరకు, నేల ఇక్కడినుంచి అని తేటపడినది. ఇదంతా జరిగిన తరువాతగాని ఎర్రని బింబం నీటి అంచున తల ఎత్తలేదు.

ముందు వెలుగు, తరువాత ఆకాశం, ఆ తరువాత సముద్రమూ నేలా, అటుపిమ్మట సూర్యుడు. ఈ వరుస నాకు కొత్తది కాదు. బైబిలు గ్రంథపు మొదటి పుటలో ఉన్న సృష్టి వృత్తాంతం సరిగా ఈ వరుసనే నడుస్తున్నది. వెలుగు మొదటినాడు కలిగినదట, సూర్యచంద్రులు నాలుగవనాడు కలిగినారట. సూర్యుడు లేని వెలుగేమిటని చిన్ననాడు నేనూ నవ్వినవాడనే. తూర్పు తీరాన ఒక్క వేకువ గడిపినవారికి ఆ నవ్వు రాదు.

ఆ గ్రంథభాగానికి మన భాషలో ఆదికాండమని పేరు. దానిని తెనిగించినవారు రామాయణ కాండలను ఎరిగిన పాఠకులకు పరిచయమైన మాటనే ఏరుకున్నారు. ఈ తెనిగింపు చరిత్ర మూడు శతాబ్దాల నాటిది. జర్మను దేశీయుడైన బెంజమిన్ షుల్జ్ 1732 నాటికే బైబిలును తెలుగులోనికి తెచ్చినాడు గాని ఆ కృతి అచ్చుకు నోచుకోలేదు. అచ్చులో సువార్తలు తెలుగువారి చేతికి రావడానికి పందొమ్మిదవ శతాబ్ది రావలసివచ్చినది. నేడు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ఆదికాండం వినిపించని ఊరు అరుదు. విన్నవారిలో దానిని దైవవాక్కుగా నమ్మినవారున్నారు, కథగా విన్నవారున్నారు, తమ మతం కాదని పక్కకు తొలగినవారున్నారు. నమ్మకం ఎవరిది వారిదే. ఒక గొప్ప ప్రాచీన రచన ఏమి చెప్పుతున్నదో తెలుసుకోవడానికి మాత్రం ఎవరికీ ఆటంకం లేదు.

మొదట ఒక చిక్కు తీర్చుకుని ముందుకు పోవాలి. ప్రపంచం ఆరు దినాలలో పుట్టినదా అన్నది ఆ చిక్కు. పదిహేడవ శతాబ్దిలో ఐర్లండు మతాచార్యుడు అషరు వంశావళులు లెక్కకట్టి సృష్టి క్రీస్తు పూర్వం 4004లో జరిగినదన్నాడు. నేటి శాస్త్రజ్ఞులు భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలని నిర్ణయించినారు. సంకల్పం చెప్పుకునే ప్రతి ఉదయమూ కల్పమన్వంతరాలను తలచుకునే మన ఇండ్లలో ఈ కోట్ల సంఖ్య ఎవరినీ బెదరించదు. క్రైస్తవులలోనే అగస్టీను మహాశయుడు, అషరుకు పన్నెండు శతాబ్దాలకు పూర్వమే, సూర్యుడు లేని దినాలను మన దినాలవలె లెక్కించరాదని వివరించినాడు. కాబట్టి ఆ పుటను పంచాంగంగా చదవనక్కరలేదు. అది ఎప్పుడు, ఎట్లా అన్న ప్రశ్నలకంటె వేరొక ప్రశ్నకు సమాధానం. సృష్టిలో దేనికి ఏది మేర? ఆ మేరను నిలిపేదెవరు? ఇదీ ఆ ప్రశ్న.

ఆరు దినాల కూర్పును గమనించండి. మొదటి మూడు దినాలలో చోట్లు ఏర్పడుతున్నవి. తరువాతి మూడు దినాలలో ఆ చోట్లలో నివసించేవారు వస్తున్నారు. మొదటినాడు వెలుగూ చీకటీ, నాలుగవనాడు వాటిని ఏలే సూర్యచంద్రులు. రెండవనాడు నీరూ ఆకాశమూ, అయిదవనాడు చేపలూ పక్షులూ. మూడవనాడు నేలా చెట్టూ చేమా, ఆరవనాడు జంతువులూ మనుష్యులూ. ప్రతి అడుగునా వేరుచేయడం అనే పని కనిపిస్తుంది. వెలుగును చీకటినుంచి, పై నీటిని కింది నీటినుంచి, పగటిని రాత్రినుంచి వేరుచేయడం. నీరు ఒక చోటికి పోగై నిలిచిన తరువాతనే నేల కనిపించినది. మన పెద్దలు ఇల్లు కట్టేటప్పుడు మొదట ముగ్గుపోసి హద్దులు గీసినట్లే, ఇక్కడ సృష్టి అంటే హద్దులు గీయడం.

సముద్రపు హద్దుకు తెలుగులో ఒక చక్కని పేరున్నది. అది చెలియలికట్ట. సముద్రుడు ఎంత పొంగినా ఆ కట్ట దాటడని మన కావ్యభాష నమ్మకం. విశ్వనాథ సత్యనారాయణగారు తమ నవల ఒకదానికి ఈ మాటనే పేరుగా ఉంచినారు. ఇటుక లేదు, సున్నం లేదు, కట్టినవాడు కనిపించడు; అయినా అది కట్ట.

ఈ హద్దు ఎట్లా ఏర్పడినదన్న విషయంలో ప్రాచీన జాతులు ఒక్కమాట చెప్పలేదు. మెసపొటేమియాలో నీనెవె శిథిలాలనుంచి వెలువడిన మట్టి పలకలను చదివి జార్జి స్మిత్ అనే పండితుడు 1876లో బాబిలోనియావారి సృష్టి కథను ప్రకటించినాడు. అందులో సముద్రం ఒక భయంకర దేవత. పేరు తియామత్. మర్దూకు అనే దేవుడు ఆమెను యుద్ధంలో చంపి, శరీరాన్ని రెండుగా చీల్చి, ఒక సగంతో ఆకాశాన్ని చేసినాడు. తరువాత మరొక దేవుని నెత్తురుతో మనుష్యుడు చేయబడినాడు. ఎందుకు? దేవతల చాకిరి మనుష్యుడు చేయాలని, దేవతలు విశ్రాంతి తీసుకోవాలని.

యూదులు యెరూషలేము పోగొట్టుకుని క్రీస్తు పూర్వం ఆరవ శతాబ్దిలో ఆ బాబిలోనుకే చెరపట్టబడిపోయినారు. ఆదికాండపు మొదటి అధ్యాయం ఆ చెర కాలంలోనో, దానికి దగ్గరిలోనో నేటి రూపం పొందినదని పలువురు పండితుల అభిప్రాయం. అట్లా తలచి చదివితే ఆ పుట మరింత అర్థవంతమవుతుంది. గుడి లేదు, నేల లేదు, రాజు లేడు. చుట్టూ విజేతల ఉత్సవాలు, విజేతల కథలు. ఆ స్థితిలో వారు చెప్పుకున్న కథలో యుద్ధం లేదు, నెత్తురు లేదు. సముద్రం శత్రువు కాదు. దానికీ ఒక చోటున్నది, అది మంచిదన్న మెప్పు ఉన్నది. బాబిలోనువారు కొలిచే సూర్యచంద్రులను వారు పేరు పెట్టి కూడా పిలవలేదు. పెద్ద దీపం, చిన్న దీపం అన్నారంతే. మనుష్యుడు దేవుని విశ్రాంతికోసం పుట్టిన బానిస కాడు. దేవుడే తన విశ్రాంతిని మనుష్యునితో పంచుకున్నాడు.

ఈ వృత్తాంతంలో మంచిదన్న మాట ఏడుమార్లు వస్తుంది. దీవెన మాత్రం మూడుమార్లే. ఆ మూడూ ఎవరికి దక్కినవో చూచినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగినది. మూడవ దీవెన ఏడవ దినానికి. రెండవది మనుష్యునికి. మొట్టమొదటి దీవెన, బైబిలు మొత్తంమీద తొలి దీవెన, అయిదవనాడు సముద్రంలోని ప్రాణులకూ ఆకాశంలోని పక్షులకూ! పిల్లలను కని వృద్ధిపొంది నీళ్లను నింపండన్న ఆశీర్వాదం మనకంటె ముందు చేపకు అందినది. చేప, మనిషి, విశ్రాంతి. ఈ మూడింటినీ వాడరేవు ఒడ్డున ఒక్కచోట చూడవచ్చును. అక్కడికి తరువాత వస్తాను.

మనుష్యుని సంగతి ముందు చూతము. అతడు దేవుని పోలికలో చేయబడినాడని ఆ పుట చెప్పుతున్నది. ఆనాటి ఈజిప్టులో, మెసపొటేమియాలో దేవుని ప్రతిరూపమనే గౌరవం రాజుకు చెందినది. ఆదికాండం ఆ గౌరవాన్ని స్త్రీపురుష భేదం లేకుండా మనుష్యులందరికీ పంచివేసినది. ఈ మాటకు మన సీమలో ఎంత విలువ పలికినదో చరిత్ర చెప్పుతుంది. గుంటూరుకు 1842లో హేయరు అనే లూథరను బోధకుడు వచ్చినాడు. ఒంగోలు సీమలో బాప్తిస్టు బోధకుడు క్లౌ పనిచేసిన కాలంలో, 1876–78 నాటి ఘోర క్షామం వెంటనే, 1878 జూలై 3న ఒక్కనాటిలో 2,222 మంది గుండ్లకమ్మ నీటిలో బాప్తిస్మం పొందినారు. వారిలో ఎక్కువమంది ఊరి వెలుపలి వాడలలో ఉంచబడిన మాదిగలు. కరువు తరిమితే వచ్చినారని కొందరన్నారు. కరువు మాటా నిజమే. కాని ఊరిబావి దగ్గరకు రానీయని మనిషికి, నీవు రాజుతో సమానమైన పోలికలో పుట్టినావని ఎవరైనా మొదటిసారి చెప్పితే, ఆ మాట గంజికంటె తక్కువ ఆహారమా?

అదే పుటలో మనుష్యునికి చేపలను, పక్షులను, జంతువులను ఏలే అధికారం కూడ ఇవ్వబడినది. ఈ వాక్యంమీద పెద్ద నేరారోపణ ఉన్నది. లిన్ వైట్ అనే అమెరికా చరిత్రకారుడు 1967లో ప్రకటించిన వ్యాసంలో, పాశ్చాత్యులు ప్రకృతిని కొల్లగొట్టడానికి ఈ వాక్యమే ధైర్యమిచ్చినదన్నాడు. ఆరోపణ తేలికగా తోసివేయదగినది కాదు. ఆ హీబ్రూ క్రియలు మెత్తనివి కావు. పోపు ఫ్రాన్సిస్ 2015లో వెలువరించిన లేఖలో, క్రైస్తవులు ఆ వాక్యాన్ని కొన్ని వేళల తప్పుగా అన్వయించినారని ఒప్పుకున్నారు.

అయితే ఏలిక అంటే ఏమిటో ఆ గ్రంథమే మరి రెండు చోట్ల తెలుపుతున్నది. ఏలుమన్న వెంటనే మనుష్యునికి ఆహారంగా గింజలనూ పండ్లనూ మాత్రమే ఇచ్చినది. మాంసం తినడానికి అనుమతి జలప్రళయం తరువాతగాని రాలేదు. అంటే మొదటి ఏలిక చంపే అధికారం లేని ఏలిక. రెండవ అధ్యాయంలో మనుష్యుని తోటలో ఉంచినది ఆ తోటకు సేవ చేయడానికీ, దానిని కాపాడడానికీ.

అధికారం తనకు తానే హద్దు గీసుకోవడం ఎట్లా ఉంటుందో తెలుసుకోవడానికి యెరూషలేముదాకా పోనక్కరలేదు. వాడరేవునుంచి తీరం వెంబడి దక్షిణంగా పోతే మోటుపల్లి వస్తుంది. కాకతీయుల నాటి గొప్ప ఓడరేవు. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలోని సరకు సర్వమూ రాజులు కైవసం చేసుకోవడం అంతకుముందు ఆచారం. గణపతిదేవ చక్రవర్తి 1244–45 ప్రాంతంలో అక్కడ అభయశాసనం వేయించినాడు. ఓడ పగిలినవాని సొమ్ము వానిదే, రాజుకు ఏర్పాటైన సుంకం తప్ప మరేమీ అక్కరలేదని దాని సారాంశం. సముద్రం ఒడ్డుకు తోసినదంతా తీసుకోగల రాజు, తీసుకోనన్నాడు. ఆ రాతి శాసనం కూడ ఒక చెలియలికట్టే.

ఇక ఏడవనాడు. ఆరు దినాల పని ముగిసిన తరువాత దేవుడు విశ్రమించినాడని వృత్తాంతం ముగుస్తున్నది. అలసి విశ్రమించినాడా? మాటతో లోకాలను కలిగించినవానికి అలసట ఏమిటి! ఇంకా చేయగలిగి ఉండి, చాలునని ఆగడమే ఆ విశ్రాంతి. వెలుగుకు, నీటికి, నేలకు హద్దులు గీసినవాడు కడపట తన పనికే హద్దు గీసుకున్నాడు. తరువాత వచ్చిన ధర్మశాస్త్రం ఈ విశ్రాంతిని యజమానికి మాత్రమే ఇచ్చి ఊరుకోలేదు. దాసునికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు, ఇంట ఉన్న పరదేశికి కూడ ఏడవనాడు పని మాన్పించినది. ఏడేండ్లకొకసారి పొలానికీ విశ్రాంతి విధించినది. ఏటి పొడుగునా సెలవన్నది ఎరుగని మన పాలేరు బ్రతుకు పక్కన పెట్టి చూస్తే, ఇది ఎంత పెద్ద మాటో తెలుస్తుంది.

ఇంతవరకు విని ఎవరైనా ఒక ప్రశ్న వేయవచ్చును. సముద్రం చెలియలికట్ట దాటదన్నారే, మరి ఉప్పెన మాట ఏమిటి? న్యాయమైన ప్రశ్న. 1977 నవంబరు 19న తుఫాను చీరాల సమీపంలో తీరం దాటినప్పుడు, దివిసీమలో సముద్రం ఊళ్లమీదికి నడచి వచ్చినది. సుమారు పదివేలమంది ప్రాణాలు పోయినవి. ఆనాడు చనిపోయినవారు ఏ హద్దు మీరినారు? ఎవరూ ఏమీ మీరలేదు. దానిని పాపఫలమని చెప్పేవారి మాట నాకు రుచించదు. ఆదికాండంలోనే జలప్రళయ కథ ఉన్నది. వేరుపడిన నీళ్లు మళ్లీ కలిసిపోవచ్చునన్న భయం ఆ గ్రంథకర్తలకూ తెలుసును. హద్దు ఒకసారి గీసి మరచిపోవడానికి వీలులేనిది, అనుదినం కాపాడవలసినది.

కాపాడడంలో మన వంతు కొంత ఉన్నది. ఇసుక దిబ్బ, సరుగుడు తోపు, నిజాంపట్నం దిక్కున రేపల్లె సీమలోని మడ అడవి, ఇవి గాలినీ కెరటాన్నీ కొంత అడ్డగించే కట్టలు. అలను ఆపలేకపోయినా దాని ఉరవడి తగ్గించగలవు. 1991లో కేంద్ర ప్రభుత్వం, సముద్రపు పోటు వచ్చే గీతనుంచి 500 మీటర్ల మేర నేలమీద నిర్మాణాలకు కట్టుబాట్లు విధించినది. తరువాతి సవరణలలో కొన్నిచోట్ల ఆ కట్టుబాట్లు సడలినవి. దిబ్బను చదునుచేసి ఇసుక తోలుకుపోయినవాడు, మడ చెట్టు కొట్టి రొయ్యల చెరువు తవ్వినవాడు తన పొలం గట్టు తెంపుకుంటున్నాననుకోడు. కాని తెంపినది ఊరందరి గట్టు. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో మరొక తుఫాను తీరం దాటినది. సముద్రం తన పని మానుకోలేదు. మన పని మనం మానుకోకుండ ఉండాలి.

ఆనాటి ఉదయానికి మళ్లీ వస్తాను. పొద్దెక్కినా ఒడ్డున సందడి లేదు. ఇంజను పడవలు వరుసగా ఇసుకమీద పడుకుని ఉన్నవి. తూర్పు తీరంలో ఏటేటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేట నిషిద్ధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఒక పడవ నీడన కూర్చుని ముసలివాడొకడు వల కంతలు పూడ్చుకుంటున్నాడు. పలకరించినాను.

"ఏం తాతా, వేట లేదా?"

"లేదు బాబూ. గంగమ్మతల్లి పురిట్లో ఉంది. పురిటింటికి గంపెత్తుకుని ఎవరన్నా పోతారా?"

"మంచి మాటే. మరి ఈ రెండు నెలలూ ఇల్లు గడవడం ఎట్లా?"

ముసలివాడు వలమీదినుంచి తల ఎత్తలేదు. "పురుడు ఆ తల్లిది బాబూ. పత్తెం మాది" అన్నాడు.

నేను బదులు చెప్పలేకపోయినాను. ఆదికాండంలో చేపకు అందిన తొలి దీవెనను ఈ ముసలివాడు చదువకుండానే ఎరుగును. ఏడవనాటి విశ్రాంతిని సముద్రానికి ఇతడు ఇస్తున్నాడు. చాలునని ఆగడమెట్లాగో మనకందరికీ నేర్పుతున్నాడు. దాని ఖర్చు మాత్రం ఇతని పొయ్యిమీద పడుతున్నది.

ఈ చిక్కును కూడ ఆ ప్రాచీనులు ఆలోచించినారు. యూదులు అరణ్యంలో తిరిగిన నాళ్లలో ఆకాశంనుంచి వారికి దినదినమూ మన్నా అనే ఆహారం కురిసేదట. ఏడవనాడు కురవదు; ఏరడానికి ఎవరూ పోరాదు. కాని ఆరవనాడు రెండు రోజులకు చాలినంత కురిసేది. విశ్రమించుమని ఆజ్ఞ ఇచ్చినవాడు ముందు రోజుననే రెండింతలు వడ్డించినాడు. అన్నం పెట్టకుండా విధించిన విశ్రాంతికి పస్తు అని పేరు. నిషేధకాలంలో మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం భృతి ఇస్తున్నది. అది దయాధర్మం కాదు. సముద్రంలో చేప మిగలాలని కోరే మనమందరమూ, వల ఎండగట్టినవానికి చెల్లించవలసిన బాకీ. అది వేసవి దాటిన తరువాత కాక, పొయ్యి ఆరకముందే అందాలి. ఆరవనాటి వడ్డన ఎనిమిదవనాడు వస్తే ఏడవనాటి ఆకలికి ఏమి లాభం?

సృష్టి వృత్తాంతాన్ని శాస్త్రంతో పోల్చి తగవులాడడానికి తీరిక ఉన్నవారు తగవులాడనిండు. నాకు ఆ పుటలో కనిపించినది ఒక్కటే. బలం ఉన్నది గదా అని అంతా తీసుకోనివాడే సృష్టించగలడు, నిలుపగలడు. దేవుడు ఏడవనాడు ఆగినాడు. గణపతిదేవుడు పగిలిన ఓడ దగ్గర ఆగినాడు. వాడరేవు ముసలివాడు అరవైయొక్క రోజులు ఒడ్డున ఆగుతున్నాడు. ఆగవలసిన మిగిలినవారం మనం.

నేను తిరిగి వచ్చేటప్పటికి ఎండ ముదిరినది. సముద్రం పోటుమీద ఉన్నది. ఒక అల పడవలదాకా వచ్చి, ముసలివాని వల అంచు తడిపి, వెనుకకు పోయినది.